ముందు సీటు ఎవరిది?

నేను ఒక రెండు సీట్ల సైకిల్‌ని. నా ఒంటికి పూలకుండీలు బిగించడానికి ఓర్నెల్లా టేపుతో కొలతలు తీసుకుంటున్నప్పుడు శుభవార్త వచ్చింది.

ఓర్నెల్లా మా యజమానురాలు. ఇటలీలో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణం ఆవిడది. వెనక సీటు పీకేస్తే ఆ జాగాలో రెండు కుండీలు పడతాయా, మూడు పడతాయా అని ఆవిడ ఆలోచిస్తుండగా ఫోను మోగింది. అందులో వచ్చిన కబురు చదివి, నా వంక జాలిగా చూసింది.

"ఇండియా నుంచి కొత్త జంటట. వారం రోజులకి కావాలట. రెండు సీట్లదే కావాలట. పాపం, నీ సంగతి తెలియని పిల్లలు!" అంది. టేపు చుట్టి జేబులో వేసుకుంటూ, "ఇదే ఆఖరు. వీళ్లు కూడా విడివిడిగా తిరిగొచ్చారో, నీ నెత్తిన పూలమొక్కలే" అంది.

నా సంగతి చెప్పాలి. ఊళ్లో నన్ను విడాకుల బండి అంటారు. నా పుట్టుకే అటువంటిది. ఒక పనివాడు తనూ తనకు కాబోయే భార్యా షికారు వెళ్లడానికి నన్ను ముచ్చటపడి తయారుచేశాడు. ఎర్రరంగు వేయడం ఒక్కటే మిగిలింది. ఈలోగా ఆ పిల్ల రంగుల కొట్టువాణ్ణి పెళ్లాడేసింది. ఆ తర్వాత నన్ను ఒక ఫాదరీ కొనుక్కున్నాడు. ఆయన ముందు కూర్చుని తొక్కేవాడు, వెనక ఆయన చెల్లెలు జపమాల తిప్పేది. దేవుడు తోస్తున్నాడని ఆవిడ, చెల్లెలు తొక్కుతోందని ఆయన, చాలాకాలం సుఖంగానే ఉన్నారు. చివరికి ఓర్నెల్లా దుకాణానికి వచ్చాను. ఇక్కడ నన్ను తీసుకెళ్లిన ఆఖరి జంట కొండ సగం ఎక్కి ఆగిపోయారు. ఆయన రైలెక్కాడు, ఆవిడ బస్సెక్కింది. నన్ను ఆలివ్ చెట్టుకు ఆనించి వదిలేశారు. ఉల్లిపాయల లారీలో ఇంటికి చేరాను. ఇందులో నా తప్పేముందో ఇప్పటికీ నాకు తెలియదు. నా మీద కూర్చుంటే మనుషుల గుణం బయటపడుతుంది, అంతే.

కొత్త జంట దిగారు. అబ్బాయి ఫణీంద్ర, అమ్మాయి హైమ. ఊరు కాకినాడ. హైమ పాలిటెక్నిక్ చదివినన్నాళ్లూ సైకిల్ మీదే వెళ్లొచ్చింది. ఫణీంద్రకు మోటారు సైకిల్ తప్ప మరొకటి తెలియదు. కాబట్టి ఎవరు ముందు కూర్చున్నారో మీరు ఊహించే ఉంటారు. అతను వచ్చీ రావడంతోనే ముందు సీటు ఎక్కి, "ఎక్కు, గట్టిగా పట్టుకో" అన్నాడు. హైమ ఏదో అనబోయి, నవ్వేసి, వెనక ఎక్కింది.

ఇక్కడ నా ఒంటి గురించి ఒక్క ముక్క. హ్యాండిల్ తిరిగేది ముందువాళ్లకే. బ్రేకులూ, గేర్లూ, బెల్లూ అన్నీ వాళ్లవే. వెనక ఉన్న హ్యాండిల్ ఊరికే పట్టుకోడానికి, దేవుడి రథం తాడులాగా. పెడల్స్ మాత్రం ఇద్దరివీ ఒకే గొలుసుకు కట్టి ఉంటాయి, కలిసే తిరుగుతాయి. ఎవరు కష్టపడుతున్నారో, ఎవరు కాళ్లు ఊరికే తిప్పుతున్నారో నాకు తప్ప పైవాడికి కూడా తెలియదు.

మొదటి రెండు రోజులూ సముద్రం పక్కనే సాగాం. పూర్వం రైలు నడిచిన దారి అది. పట్టాలు తీసేసి సైకిళ్లకు వదిలేశారు. సొరంగం వస్తే చాలు, ఇద్దరూ గొంతెత్తి "ఓయ్!" అని అరిచేవారు, గోడలు తిరిగి అరిస్తే పడీపడీ నవ్వేవారు. లోపల కొత్తకుండలో నీళ్లలా చల్లగా ఉండేది. బయటకు రాగానే ఎండా, నిమ్మచెట్ల వాసనా, గోడ మీద నిద్రపోతున్న పిల్లీ. పిల్లి కనబడితే బెల్లు కొట్టాల్సిందేనని హైమ చట్టం చేసింది. నూనె ఓడుతున్న రొట్టె కొనుక్కుని, దాని మీద కందిపొడి చల్లుకుని తిన్నారు. ఆ పొడి ఫణీంద్ర మేనత్త రాజ్యం గారు కట్టి పంపినది. నా సంచీకి ఆ వాసన ఇంకా పోలేదు.

నాకు తెలుగు కూడా అప్పుడే వచ్చింది. కష్టమేం కాదు. హైమ "మీరు" అంటే దారి చదునుగా ఉన్నట్టు, "నువ్వు" అంటే ఎత్తు మొదలైనట్టు.

"ఏవండీ, సముద్రం ఎలా ఉంది?"

"అదేంటి, పక్కనేగా ఉంది!"

"పక్కకి తిరిగితే మెడ పట్టేస్తోంది. ఎదరకి చూస్తే మీ నీలం టీషర్టు. మధ్యధరా చూద్దామని ఇంతదూరం వచ్చి మీ వీపు చూస్తున్నాను. రేపైనా నన్ను ముందు కూర్చోనివ్వండి."

"రేపు కొండ కదా! నీవల్ల అవదులే."

మర్నాడు కొండదారి పట్టాం. సముద్రాన్ని వీపు వెనక వదిలేసి, మెట్లుమెట్లుగా చెక్కిన ఆలివ్ తోటల మధ్య ఎక్కాలి. మలుపు మీద మలుపు. మొదటి మలుపులోనే "నువ్వు" వచ్చేసింది.

"నువ్వు తొక్కుతున్నావా అసలు?" అంది హైమ.

"నేను తొక్కకపోతే బండి ఎలా కదుల్తోంది?"

"నా కాళ్లతో!"

నిజం నాకు తెలుసు. అలిగి ఇద్దరూ తొక్కడం మానేశారు. ఆ కాస్త దూరం నేను పాత ఊపు మీదే నడిచాను.

ఒక మలుపులో నీళ్ల కుళాయి ఉంటే ఆగారు. హైమ దిగి సీసా నింపుకుంటోంది. ఫణీంద్ర వెనక్కి చూడకుండా, "ఎక్కావా? పద" అని తొక్కడం మొదలుపెట్టాడు. దారి అక్కడ కొంచెం చదునైంది. వెనక బరువు లేదు. నేను గాల్లో తేలినట్టు వెళ్లాను.

"చూశావా! మనసుపెట్టి తొక్కితే ఎంత తేలిగ్గా ఉందో!" అన్నాడు ఫణీంద్ర. ఖాళీ సీటు ఏమీ అనలేదు. "పొద్దున్నుంచీ ఇదేగా మొత్తుకుంటున్నాను. శభాష్ హైమా! ఇప్పుడు కదా కలిసి తొక్కడం అంటే!"

సీసా పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డ పెళ్లాం, తనను మెచ్చుకుంటూ వెళ్లిపోతున్న మొగుణ్ణి కనుమరుగయ్యేదాకా చూసింది. అతను పై మలుపులో చెమట తుడుచుకుంటూ "నీళ్లియ్యి" అని చెయ్యి వెనక్కి చాపాడు. అప్పుడు తిరిగి చూశాడు. ఆ మొహం చూసి నా గొలుసు ఊడిపోయింది. నవ్వాపుకోలేక అనుకోండి.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. హైమ నడిచి వచ్చింది. "మీరు" లేదు, "నువ్వు" లేదు. కొండమీది ఊరు చేరేదాకా నన్ను నడిపించుకునే వెళ్లారు. ఆ రాత్రికి బస పియేరో అనే పెద్దాయన ఇంట్లో. లోపలికి అడుగుపెడుతూనే హైమ ఆయన్ని అడిగింది: "కిందికి బస్సు ఎప్పుడుంది?"

"రేపు పొద్దున ఒకటుంది. ఎంతమందికి?"

"చెప్తాను" అంది.

నా కళ్లముందు కుండీలు కనబడ్డాయి.

ఎండ ఇంకా వాలలేదు. నన్ను అరుగుకు ఆనించి ఇద్దరూ చెరో చివరా కూర్చున్నారు. ఫణీంద్ర నేలచూపులు చూస్తూ అన్నాడు: "వెనక కూర్చోమంటే నాకు భయం. బ్రేకుండదు. హ్యాండిల్ తిరగదు. ఎదర ఏమొస్తోందో కనబడదు. ఎవరో తోలుతుంటే ఊరికే నమ్మి కూర్చోవాలి."

"ఆ సీట్లోనే మూడు రోజులుగా నేను కూర్చున్నాను" అంది హైమ.

ఫణీంద్ర లేచి వచ్చాడు. నా వెనక హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అది తిరగలేదు.

"పోనీ, ముందు సీటుకి పందెం వేద్దాం. పెళ్లిలో బిందెలో ఉంగరం తీశాం కదా, అలాగ" అన్నాడు. "అప్పుడు మూడుసార్లూ నేనే గెలిచాను, గుర్తుందా?"

హైమ పెదవి కొరుక్కుంది. "మూడోసారి ఉంగరం నాకు దొరికింది. మీ రాజ్యం అత్తయ్య మొహం చూసి, నీళ్లలోనే మీ చేతిలో పెట్టాను."

"అమ్మ దొంగా! అయితే ఈసారి ఇవ్వడాల్లేవు. నిజం ఆట."

పియేరో ఒక రాగిచెంబు తెచ్చిచ్చాడు. ఉంగరం బదులు నా ముందు సీటు కింది నట్టు విప్పి అందులో వేశారు. ఆ నట్టు వదులు చేస్తేనే సీటు హైమ ఎత్తుకు దిగుతుంది. నా ప్రాణం నీళ్లలో మునిగింది. ఇండియాలో సైకిల్ బాగుచేసే పద్ధతి ఇదే కాబోలని పియేరో కుర్చీ జరుపుకుని శ్రద్ధగా చూశాడు.

మొదటిసారి ఫణీంద్రకు దొరికింది. రెండోసారి హైమకు. మూడోసారి రెండు చేతులూ చెంబులో ఇరుక్కుపోయాయి, మోచేతుల దాకా నీళ్లు.

"గిల్లకు!"

"గిల్లలేదు, వెతుకుతున్నాను."

"నా వేలు నట్టులా ఉందా?"

హైమ వంగి అతని చెవిలో ఉఫ్‌మని ఊదింది. అతను మెలికలు తిరిగాడు. ఆమె చెయ్యి పైకి లేచింది. నట్టు ఎండలో మెరిసింది. పియేరో చప్పట్లు కొట్టాడు.

"తొండి!" అన్నాడు ఫణీంద్ర, నవ్వుతూనే.

హైమ తనే నా సీటు దించి, నట్టు బిగించింది. ఆ బిగింపులో చేయి తిరిగిన పనితనం ఉంది. నన్ను తయారుచేసిన పనివాడి తర్వాత ఎవరూ నన్ను అలా ముట్టుకోలేదు.

"బస్సు సంగతి?" అని పియేరో గుర్తుచేశాడు.

"వద్దండీ" అని హైమ మొగుడి వైపు తిరిగింది. "రేపు పొద్దున్నే కాఫీ తాగి దిగిపోదాం. కొండ దిగినంతసేపూ ముందు నేను, వెనక నువ్వు."

అక్కడ ఎత్తు లేదు, కోపమూ లేదు. అయినా "నువ్వు" అంది.

"మరి నేనేం చూడాలి?"

"నా జడ. సముద్రం కనబడగానే చెప్తాలే."