జేబు పంపని సందేశం

జంతువుల ఆస్పత్రి గుమస్తాకి ఆ రోజు సాయంత్రం అయిదింటిలోగా నూట నలభై ఒక్క జంతువుల నోరు మూయించే పని పడింది. అన్నీ ఎప్పుడో చనిపోయినవే. చిక్కంతా అక్కడే ఉంది.

తప్పు ఎవరిదంటే మంచి మనసుది. సూదిమందుకీ ఇతర పనులకీ రావలసిన రోజు గుర్తుచేస్తూ ఆస్పత్రి నుంచి వెళ్ళే సందేశాలు మరీ పొడిపొడిగా ఉన్నాయనీ, జంతువే మాట్లాడుతున్నట్టు ఉంటే బాగుంటుందనీ డాక్టరమ్మ అంది. గుమస్తా ఉత్సాహంగా రాసిపెట్టాడు: "నాన్నా, ఇవాళ నా సూది రోజు. నేను ఏడవను. నువ్వూ ఏడవకు." జనానికి తెగ నచ్చింది. ఏళ్ళ తరబడి మొహం చాటేసినవాళ్ళు కూడా పిల్లుల్ని చంకనేసుకుని వచ్చారు. అయితే కిందటి నెలలో ఒక లారీ డ్రైవరుకి, పిల్లిని పెరట్లో పూడ్చిన ఇరవై రోజులకి, ఆ పిల్లి నుంచే సందేశం వెళ్ళింది. గుమ్మంలో తల వంచి రావలసినంత పొడుగు మనిషి, వచ్చి బెంచీ మీద కూలబడి, "ఏడవకు అంటోంది సార్" అని గుమస్తాకి ఫోను చూపించి ఏడ్చాడు. వరసలో ఉన్న కుక్కలు మొరగడం మానేసి అతన్నే చూశాయి.

"ఇంకొక్క చనిపోయిన జంతువు ఈ ఆస్పత్రిలో నోరు విప్పిందంటే, గుమస్తాగారూ, మీ కుర్చీలో ఇంకొకరు ఉంటారు" అంది డాక్టరమ్మ. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. అందుకే భయం.

ఉద్యోగం సంగతి ఒకెత్తు, టైలరు సంగతి ఒకెత్తు. వీధి చివర టైలరు పెంచుకున్న కుక్క పోయి నెల కాలేదు. దాని పేరు జేబు. పిల్లగా ఉన్నప్పుడు అతని చొక్కా జేబులో పడుకుని, కుట్టుమిషను చప్పుడుకి నిద్రపోయేదట. తెల్లారితే జేబు సూది రోజు. రేపటి సందేశాలన్నీ ఇవాళ అయిదింటికి వాటంతట అవే మూట కట్టుకుంటాయి. ఆ తర్వాత వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు.

గుమస్తా భార్య పోయి రెండేళ్ళు. ఆవిడ పోయాక ఆర్నెల్లపాటు కళ్ళజోళ్ళ దుకాణం నుంచి ఆవిడ పేరుమీద "మీ చూపు ఎలా ఉంది?" అని సందేశాలు వస్తూనే ఉండేవి. ఆ ఆర్నెల్లూ ఫోను మోగినప్పుడల్లా గుండె ఎక్కడికి జారేదో అతనికే తెలుసు. టైలరుకి ఆ జారుడు ఒక్కసారి కూడా రాకూడదనుకున్నాడు.

ఒంటిగంటకి అత్తగారు క్యారేజీ తెచ్చింది. కూతురు పోయాక ఆవిడ వెళ్తాననలేదు, అల్లుడు వెళ్ళమనలేదు. ఆ ఒప్పందం ఎప్పుడు కుదిరిందో ఇద్దరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి కావడంతో, ఇప్పటికీ కూరగాయల సంచి విప్పినా వీధులవారీగా పంచుతున్నట్టే ఉంటుంది.

"అన్నం చల్లారుతోంది అల్లుడుగారూ. ఏమంటోంది ఆ కంప్యూటరు పెట్టె?"

"తప్పంటోంది అత్తయ్యగారూ."

"ఎక్కడ తప్పో చెప్పదా?"

"ఫలానా మాట దగ్గర అంటుంది. ఫలానా మాట అనదు."

"మా పెద్దాఫీసరూ అంతే. ఆ చుట్టుపక్కల ఎక్కడో తప్పుంది చూసుకోమనేవాడు. ఎక్కడుందో ఆయనకీ తెలీదు."

కంప్యూటరులో మూడు పట్టికలున్నాయి. ఒకటి యజమానులది, ఒకటి జంతువులది, ఒకటి పంపాల్సిన సందేశాలది. సందేశాల పట్టికలో పేర్లుండవు, అంకెలే. ఎవరు పోయారో జంతువుల పట్టికకే తెలుసు. మూడింటినీ ఒక్క ఆజ్ఞలో ముడివేసి, పోయినవాటి సందేశాలు తీసెయ్యమనాలి. గుమస్తా ఎప్పుడో సాయంత్రం క్లాసుల్లో నేర్చుకున్న ఎస్‌క్యూఎల్ అనే పట్టికల భాషని దుమ్ము దులిపి, డిలీట్ ఫ్రమ్ అని మొదలెట్టి, మూడు పట్టికల పేర్లూ కామాలతో రాశాడు. కామా దగ్గర వాక్యం బాగోలేదంది కంప్యూటరు. కామాలు తీసేశాడు. కామాలు ఉన్న చోటే మళ్ళీ బాగోలేదంది. ఎందుకైనా మంచిదని ఒక నక్షత్రం గుర్తు పెట్టాడు. నక్షత్రాన్ని చూసి మరీ మండిపడింది. జాయిన్ అని రాసి పట్టికల్ని కలిపాడు. అదీ ఒప్పుకోలేదు. టైము మూడు దాటింది. నీరసంగా ఉన్న ఒక కుందేలు బుట్టలోంచి అతన్ని జాలిగా చూస్తోంది.

"టైలరుది ఒక్కటీ చేత్తో తీసెయ్యలేరా?" అంది అత్తగారు.

"అది తీస్తాను. మిగతా నూట నలభై ఇళ్ళ మాటేమిటి?"

ఆవిడ ఒక్క క్షణం అల్లుడి మొహం చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. "సరే. మీరు దానికేం రాశారో నాకు తెలుగులో చెప్పండి."

"మూడు పట్టికల్నీ కలిపి, అందులో చనిపోయినవెవరో చూసి, తీసెయ్యమన్నాను."

"తీసెయ్యమన్నది దేన్ని?"

"చనిపోయినవాటిని."

"అది ఎక్కడ వెతకాలో చెప్పడం. వెతికాక తియ్యాల్సింది సందేశాన్నా, జంతువునా, మనిషినా? పొయ్యి మీద మూడు గిన్నెలు పెట్టి 'మాడుతోంది, దించండి' అంటే ఏది దించుతారు?"

"మొన్న మూడూ దించేశాను కదా."

"అందుకే ఆ పూట అన్నం బియ్యంలా ఉంది."

గుమస్తా డిలీట్‌కీ ఫ్రమ్‌కీ మధ్య సందేశాల పట్టిక పేరు ఒక్కటీ ఇరికించాడు. వాక్యం మొట్టమొదటిసారి నిటారుగా నిలబడ్డట్టు కనిపించింది. వేలు మీట మీదికి వెళ్ళింది.

"ఆగండి" అంది అత్తగారు. "మా ఆఫీసులో సంచి పారేసేముందు బోర్లించి చూసేవాళ్ళం. తియ్యబోయేవేవో ముందు చూపించమనండి."

డిలీట్ తీసి ఆ చోట సెలెక్ట్ పెట్టాడు, పేర్లూ ఫోను నంబర్లతో సహా చూపించమన్నాడు. వాక్యం బాగుంది కాబట్టి కంప్యూటరు కిక్కురుమనకుండా చిట్టా పరిచేసింది. అందులో మొదటిది డాక్టరమ్మ తాబేలు. అది పక్కగదిలో బతికే ఉంది, ఆకుకూర నములుతోంది. ఏడోది బొత్తాం.

"బొత్తాం ఎవరు?"

"టైలరు చిలుక." గుమస్తా అయోమయంగా చూశాడు. "అది కూడా పోయిందా?"

"పొద్దున్నే కూరలకి వెళ్తూ చూశాను. పంజరంలో ఎవరినో తిడుతోంది."

అప్పుడు వెలిగింది గుమస్తాకి. సందేశాన్నీ జంతువునీ యజమాని నంబరుతో ముడిపెట్టాడు. ఒక ఇంట్లో ఒకటి పోతే, ఆ ఇంట్లో ఉన్న ప్రాణులన్నిటి నోరూ మూసేసినట్టే. పొద్దున కామాలతో రాసిందాన్ని కంప్యూటరు ఒప్పుకుని ఉంటే యజమానుల్ని కూడా తుడిచిపెట్టేది. టైలరూ అతని ఫోను నంబరూ పోయేవి. కిందటేడు పిల్లి పోయిన డాక్టరమ్మ తన ఆస్పత్రిలో తనే లేకుండా పోయేది.

"అంటే పొద్దుట్నుంచీ ఇది తప్పు తప్పు అని మొత్తుకున్నది..."

"చిరునామా సరిగ్గా లేని ఉత్తరాన్ని ఎవరి గుమ్మంలోనో పడెయ్యకుండా తిప్పి పంపింది. మంచి పోస్టుమాను. మీరేమో దాన్ని రెండుసార్లు తిట్టారు, నేను విన్నాను."

గుమస్తా ముడి విప్పి జంతువు నంబరుతో వేశాడు. మళ్ళీ చిట్టా తెప్పించాడు. తాబేలు లేదు. బొత్తాం లేదు. జేబు ఉంది. సెలెక్ట్ తీసి డిలీట్ పెట్టి, నాలుగూ నలభైకి మీట నొక్కాడు. ఒక్కో జంతువుకి రెండుమూడు సందేశాల చొప్పున, నాలుగు వందల చిల్లర వరసలు చప్పుడు లేకుండా వెళ్ళిపోయాయి. జంతువుల పట్టిక తెరిచి చూస్తే జేబు పేరు అలాగే ఉంది, పక్కన పుట్టిన రోజూ, బరువూ.

"దీన్ని కూడా తియ్యాలేమో" అన్నాడు.

"ఉండనివ్వండి" అంది అత్తగారు క్యారేజీ గిన్నెలు సర్దుతూ. "పేరు ఎవరికి అడ్డం?"

మర్నాడు పొద్దున ఆస్పత్రి తెరవగానే టైలరు వచ్చాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో గుడ్డ కప్పిన పంజరం. ఫోను చూడగానే గుమస్తా గుండె పాత చోటికే జారింది.

"అన్నగారూ, మీ ఆస్పత్రి నుంచి సందేశం వచ్చింది."

"ఎవరి నుంచి?" అన్నాడు గుమస్తా.

టైలరు చదివి వినిపించాడు. "'నాన్నా, ఇవాళ నా ముక్కు చెక్కించుకునే రోజు. నేను కరవను.' ఇలా అబద్ధాలు రాస్తే ఎలాగండి? కరుస్తుంది. పోయిన సారి డాక్టరమ్మ వేలికి కట్టు కట్టింది మీరే కదా. ఇద్దరికీ ఒకటే రోజు పెట్టమన్నది నేనే, కొట్టు రెండుసార్లు మూయలేక. జేబు దిగులులో దీని సంగతే మర్చిపోయాను."

అని గుడ్డ తీశాడు. బొత్తాం గదంతా ఓసారి కలియజూసి, మెడ సాచి, మొరిగింది. రెండు పొట్టి మొరుగులు, ఒక పొడుగు. బెంచీల దగ్గరున్న కుక్కలన్నీ లేచి బదులు చెప్పాయి.

"వాడు పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస" అన్నాడు టైలరు. "పొద్దున్నే నన్ను లేపేది కూడా ఇలాగే. మొదటి రెండు రోజులూ పంజరం పెరట్లో పెట్టాను. ఇప్పుడు మంచం పక్కనే పెట్టుకుంటున్నాను."

డాక్టరమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఆరేళ్ళు వైద్యం చేసిన గొంతు ఆవిడ గుర్తుపట్టకపోదు.

"గుమస్తాగారూ, అది జేబు గొంతు కదూ?"

"అవునమ్మా" అన్నాడు గుమస్తా లేచి నిలబడి. "దీన్ని తియ్యడానికి మాత్రం నా దగ్గర ఏ ఆజ్ఞా లేదు."

డాక్టరమ్మ పంజరాన్ని చూసింది, టైలరుని చూసింది, కిందటిసారి కట్టు కట్టించుకున్న తన వేలిని చూసుకుంది.

"కూర్చోండి" అంది. "మీ కుర్చీలోనే."