ఓర్చుకునే వరి

"నీ లెక్కలు ఏడికీ పోవు గానీ, చాయ్ చల్లారిపోతది," అన్నాడు ఉపేందర్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆ చొక్కా ఇస్త్రీ చేసిందీ సుమలతే, చాయ్ పెట్టిందీ సుమలతే. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. శంషాబాద్‌లో ఈ ఇల్లు కిరాయికి తీసుకున్నప్పటి నుంచి విమానాలు నెత్తి మీదుగానే పోతున్నాయి. ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసే మొగుడు వాటి వేళలన్నీ నోటికి చెప్తాడు. ఆమె మాత్రం ఇంతవరకు ఒక్కటీ ఎక్కలేదు.

గురువారం ఎక్కాలి. పుణెలో శాస్త్రవేత్తల సభ. వరి ఒక ఎత్తు వేస్తే అగ్గితెగులు పై ఎత్తు వేస్తుంది, దాన్ని చూసి వరి మళ్లీ మారుతుంది. నూరు పంటల తర్వాత ఈ పోరు ఎక్కడ తేలుతుందో సమీకరణాల్లో చెప్పడం ఆమె పని. మూడేళ్ల కష్టం. అదే గురువారం బడంగ్‌పేట్‌లో మరిది మధు గృహప్రవేశం వచ్చి పడింది. ఉపేందర్ అప్పుడే తేల్చేశాడు: "నలభై మందికి వంట. నువ్వు లేకుంటే ఎట్ల? రవీందర్ సార్‌కు ఫోన్ చేసి చెప్పు, ఆయనే పోతడు. జర ఓర్సుకో, వచ్చే ఏడు చూద్దం."

పోయినేడూ ఇదే మాట. అప్పుడు ఆఫీసులో పెద్దాయన రవీందర్ సంబరపడిపోయాడు: "ఇల్లు గలదానివి, నీకెందుకమ్మా తిప్పలు, నేను చెప్పొస్త." చెప్పొచ్చాడు. ఆమె సమీకరణాలనే "నా మోడల్" అని చెప్పొచ్చాడు. వస్తూ వస్తూ ఓ మిఠాయి డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఒళ్లు మండిపోయింది. అయినా సిగ్గు లేకుండా దాన్ని ఇంటికి తెచ్చి అందరికీ పంచింది. అత్త దుర్గవ్వ రెండు ముక్కలు తిని, "మా సుమలతకు భూదేవికున్నంత ఓర్పు," అని వాడకట్టంతా చెప్పుకుంది.

సుమలత ఫోన్ చేతిలోకి తీసుకుంది. పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న దుర్గవ్వ ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసింది. మంఖాల్‌లో ముప్పై ఏళ్లు నాట్లేసిన మనిషి.

"గదేంది, వరేనా?"

"వరే అత్తమ్మా. రెండు తీర్లది. ఇది తెగులును రానియ్యదు. ఇంకోటి, తెగులొచ్చినా ఓర్చుకుంటది, పచ్చగనే ఉంటది."

"ఓర్సుకుంటే తెగులు సస్తదా?"

"చావదు. దాని మీదనే పెరిగి పక్క మడికి పోతది."

దుర్గవ్వ ఈనె తీసి పారేసింది. "మరి గా ఓర్పు ఎవలికి లాభమే?"

తెగులుకే, అనబోయి సుమలత ఆగిపోయింది. గుమ్మం దగ్గర ఏడేళ్ల కూతురు, ఎవరూ చెప్పకుండానే, తండ్రి బూట్లు తుడుస్తోంది.

సుమలత నంబరు నొక్కింది. రవీందర్ ఫోనెత్తాడు. "చెప్పమ్మా, నేనే పోవాల్నా?"

"లేదు సార్. నేనే పోతున్న. టికెట్ నా పేరు మీదనే ఉండనియ్యుండ్రి."

"మరి వంట?" అన్నాడు ఉపేందర్. తెగులును ఎదిరించే మొక్కకు గింజ కొంత తగ్గుతుంది. ఆ నష్టాన్ని సుమలత మూడేళ్ల కిందటే సమీకరణంలో వేసుకుంది.

లేచి వెళ్లి, కూతురి చేతిలోంచి బూటు తీసుకుని, మొగుడి చేతికిచ్చింది.

"నువ్వే తుడుసుకో."