మణికట్టు దాకా చుట్టరికం

నా తమ్ముడు గోషే రాజయ్యాడన్న కబురు, నేను పందుల కొట్టానికి గోడ కట్టిస్తుండగా వచ్చింది.

సముద్రం అవతల పవిత్రభూమిలో ఒక రాణికి భర్త కావలసి వచ్చాడు. ఆమె తండ్రీ, నా భార్య ఓడిల్ తండ్రీ అన్నదమ్ములు. ఆ చుట్టరికంతోనే సంబంధం షాంపేన్ సీమలోని మా కోట దాకా వచ్చింది. నాకు అప్పటికే పెళ్ళయి, మిలో అనే కొడుకు పుట్టాడు. అందుకని తమ్ముడు భుజానికి శిలువ కుట్టుకుని ఓడెక్కాడు. వాడెక్కి వెళ్ళిన గుర్రం కూడా నేనిచ్చిందే.

రెండేళ్ళపాటు వాడి ఉత్తరాలు భోజనాల దగ్గర మా పూజారి చదివి వినిపించాడు. ఓడిల్ ప్రతిదీ రెండోసారి చదివించుకునేది. కొడుకు పుట్టాడని రాసిన రోజు నాకు ముద్ద దిగలేదు.

అప్పుడే నాయనమ్మ నేర్పిన లెక్క గుర్తొచ్చింది. మా వైపు చుట్టరికాన్ని ఒంటి మీద లెక్కపెడతారు. మెడ దగ్గర తోబుట్టువులు, భుజం దగ్గర వాళ్ళ పిల్లలు, మోచేతి దగ్గర మనవలు, మణికట్టు దగ్గర మునిమనవలు. మణికట్టు దాకా వచ్చేవాళ్ళు పెళ్ళాడకూడదని చర్చి నియమం. పెళ్ళాడితే ఆ పెళ్ళి చెల్లదు.

మా ముత్తాత గీ, రాణి తండ్రి వైపు ముత్తవ్వ ఆడెల్ ఒక తల్లి పిల్లలు. అంటే రాణి గోషేకి సరిగ్గా మణికట్టు దగ్గర నిలిచింది. పెళ్ళి పోతే కిరీటమూ పోతుంది. వెంటనే బిషప్‌కు ఫిర్యాదు పంపాను.

ఓడిల్‌కు తెలిసి నెమ్మదిగా అడిగింది. "ఆ లెక్క మొదలుపెడితే మీరెక్కడ ఆపుతారు?"

"మరిది మీద అంత ప్రేమ కారిపోతోందేం?" అన్నాను.

"నేనడిగింది ఆయన గురించి కాదు," అని మిలోని చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె ముఖంలో నాకు గోషేయే కనిపించాడు. ఇంకేమీ కనిపించలేదు.

విచారణకు బిషప్ దూత అంసో వచ్చాడు. ఓడిల్ ఎదురుగా, పునీతుడి ఎముకలున్న పెట్టె మీద చెయ్యి పెట్టి, రెండో చేత్తో ఆ చేతినే మెడ నుంచి మణికట్టు దాకా తాకి చూపిస్తూ అందరి పేర్లూ చెప్పాను. ఈ చుట్టరికం ఎప్పటి నుంచి తెలుసని అంసో అడిగాడు. పదేళ్ళ వయసు నుంచి తెలుసన్నాను. ఎంత పాత సంగతైతే అంత బలమనుకున్నాను. గుమాస్తా రాసుకున్నాడు.

అంసో మరో కాగితం తీశాడు. గోషే ఈ మణికట్టు సంగతి పెళ్ళికి ముందే విన్నవించుకుని, పోప్ దగ్గర అనుమతి తీసుకున్నాడట. వాడి పెళ్ళికి ఢోకా లేదు.

"ఇక మీ సంగతి, ప్రభువుగారూ," అన్నాడు. "మీ భార్య రాణిగారికి పినతండ్రి కూతురు కదా. ఆవిడ కూడా మీకు మణికట్టు దగ్గరే. మీరు తీసుకున్న అనుమతి ఏదీ?"

నా దగ్గర లేదు.

"తెలియక చేసుకునుంటే పిల్లాడికి హక్కు మిగిలేది. తెలిసే చేసుకున్నానని ఇప్పుడే మీ నోటితో ప్రమాణం చేశారు."

పెట్టె మీద నా చెయ్యి అలాగే ఉంది. ఓడిల్‌తో నా పెళ్ళి చెల్లదు, మిలోకి కోట రాదు. మరి నా తరవాత ఇక్కడ ఎవరని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మీ తమ్ముడి కొడుకు."

ఓడిల్ ఏడవలేదు. మా పూజారిని పిలిచి, సముద్రం అవతలికి ఉత్తరం రాయాలని చెప్పింది.

"మిలోని తన దగ్గర ఉంచుకుని పెంచమని రాయండి," అంది. నా వైపు చూడలేదు. "మా మరిది కాదనడు."

వాడు కాదనడని నాకూ తెలుసు. కొడుకు దూరమైనదానికన్నా అదే నన్ను ఎక్కువ కాల్చింది.