ఎండ వెంబడి ముక్కాలిపీట

బడిలో ఆవిడను గంట టీచర్ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. మూడో తరగతిలో ఆవిడ ఎక్కాలు చెప్పిస్తుంటే గోడ అవతల ఐదో తరగతి పిల్లలకు మర్చిపోయినవి గుర్తొచ్చేవి. అలాంటి గొంతు చలికాలం మొదట్లో ఒక మంచు పొద్దున బొంగురుపోయి, సాయంత్రానికి పూర్తిగా పడిపోయింది. గొంతు వాచిందన్నాడు డాక్టరు. రెండు వారాలు నోరు కట్టేసుకుంటే తగ్గుతుందట, లేకపోతే తనని అడగొద్దన్నాడు.

సెలవు పెట్టమంటే ఆవిడ పెట్టలేదు. బోర్డు మీద రాసి నెట్టుకొస్తోంది. పాఠం వినబడటం లేదని తల్లిదండ్రులు వచ్చి హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డారు. ఆయన మెత్తటి మనిషే, కానీ తలుపు దగ్గర పదిమంది నిలబడితే ఎంత మెత్తటివాడైనా గట్టిపడక తప్పదు. సోమవారం తానే వచ్చి చివరి బెంచీ వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నాడు. తనకు వినబడితే క్లాసు ఆవిడదే. వినబడకపోతే ఏడాది చివరిదాకా సుద్దముక్కలూ మ్యాపులూ ఉండే స్టోరు గది చూసుకోవాలి. స్టోరు గది మాట విన్నప్పటినుంచి ఆవిడకు కంటి మీద కునుకు లేదు. పిల్లల మొహాలు లేని గదిలో రోజంతా కూర్చోవడమంటే తనను కూడా ఒక మ్యాపులా చుట్టి మూలన పెట్టడమే అనుకుంది.

ఇంట్లో చిక్కు వేరు. అత్తగారికి చలికి మోకాళ్లు పట్టేస్తాయి, ఈ కాలమంతా గడప దాటదు. అందుకని కోడలు రోజూ సాయంత్రం టీ తాగుతూ ఆ రోజు వీధిలో కనిపించిన ఒక మంచి దృశ్యం చెప్పేది. ఒక్కటే, కానీ ఏరి తెచ్చింది. పెద్దావిడకు చెవులు మందం కాబట్టి గట్టిగా చెప్పేది. పక్కింటావిడ కూడా తన పొయ్యి దగ్గరే కూర్చుని వినేసేది.

ఇప్పుడు చెప్పడం లేదు, చూడటం మాత్రం ఆగలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది? బస్సు అద్దం మీద ఆవిరిలో ఎవరో పిల్ల వేలితో గీసిన ఇల్లు. ఇస్త్రీ చేసే ఆయన వేడి పెట్టె దగ్గర ఒక్క క్షణం చేతులు చాపి కళ్లు మూసుకోవడం. చూసినవన్నీ లోపల పేరుకుపోయి కడుపు ఉబ్బరంగా ఉండేది. అందంగా ఉన్నదేదైనా కనబడితే సంతోషం బదులు విసుగొచ్చేది. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, ఇన్నాళ్లకు ఇల్లు ప్రశాంతంగా ఉందని భర్త ఒకసారి నోరు జారాడు. ఆ పూట ఆయన కూర తనే వండుకున్నాడు.

ఆగలేక ఆవిడ గుసగుసలు మొదలుపెట్టింది. గుసగుస మాట కిందికి రాదని ఆవిడ లెక్క. శనివారం డాక్టరు గొంతు చూసి మండిపడ్డాడు. గుసగుసలాడటమూ గొంతుకు పనేనట, మానకపోతే ఉన్నది కూడా పోతుందట. గోరుచుట్టు మీద రోకటిపోటు. సోమవారానికి ఇంక ఒక్కరోజే ఉంది.

ఆదివారం పొద్దున కూరగాయలకు వెళ్తూ మూల మీద దర్జీని చూసింది. ముసలాయన, చూపు తక్కువ. మంచు విడిచి చారెడు ఎండ వీధిలో పడితే, ముక్కాలిపీట అందులో వేసుకుని బొత్తాలు కుడుతున్నాడు. ఎండ జరిగితే పీట జరుపుతున్నాడు. ఆయన పక్కనే ఒక పిల్లి. ఆయన జరిగినప్పుడల్లా అదీ లేచి, ఒళ్లు విరుచుకుని, జరుగుతోంది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఇద్దరూ వీధి దాటి అవతలి గోడ చేరారు. దర్జీ షాపు ఇటుంది, దర్జీ అటున్నాడు.

ఇది చెప్పకుండా ఎలా ఉండటం? సాయంత్రం దాకా గదిలోంచి గదిలోకి తిరిగింది. టీ గ్లాసు అందుకుంటూ అత్తగారు అడగనే అడిగింది.

"ఏమే, ఇవాళేం చూశావు?"

ఒక్కసారి అరిస్తే చాలు, మనసు తేలికవుతుంది. కానీ ఉన్న కాస్త గొంతూ పోయి రేపు క్లాసు పోతుంది. ఆవిడ గ్లాసు కింద పెట్టి, వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చి, దీపం వెలుగులో వేసి కూర్చుంది. కళ్లు చికిలించి సూదిలో దారం ఎక్కించింది. పీట జరిపింది. దిగి, పిల్లిలా ఒళ్లు విరుచుకుంది. మళ్లీ పీట, మళ్లీ పిల్లి. గది ఈ గోడ నుంచి ఆ గోడదాకా వెళ్లేసరికి పెద్దావిడ నవ్వలేక దగ్గుతోంది.

"దర్జీ ఇంకా బతికే ఉన్నాడన్నమాట," అంది కళ్లు తుడుచుకుంటూ. తర్వాత కొంచెం మొహమాటంగా, "నీ మాట నాకు వినబడక చాలా ఏళ్లయిందే అమ్మాయీ. పాపం, అంత కష్టపడి చెప్తున్నావని తలూపేదాన్ని. నీ మొహం, నీ చేతులు చూస్తూ కూర్చునేదాన్ని. ఇవాళ్టిదే మొత్తం తెలిసింది."

ఆవిడకు చచ్చేంత కోపం వచ్చింది. ఇన్నేళ్లూ చెవిటివాడి ముందు శంఖమేనా? గంట టీచర్ గంట ఇంట్లోనే మోగలేదా? ఆ రాత్రి అటూ ఇటూ దొర్లుతూనే ఉంది. తెల్లారేటప్పటికి కోపం పోయి, వినబడకపోయినా రోజూ కూర్చున్న ఆ ముసలి ప్రాణం మీద ప్రేమ మిగిలింది.

సోమవారం పాఠం నీడల గురించి. హెడ్మాస్టరు చివరి బెంచీ వెనక కుర్చీ వేసుకున్నాడు. ఆవిడ నోరు తెరిచింది. వచ్చింది పాత గొంతు కాదు, అందులో పావు వంతు, గరగరలాడుతూ. వెనక ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కనబడింది. అరవాలనిపించింది. అరవలేదు. తన కుర్చీ కిటికీ ఎండలోకి లాగి, దర్జీ కథ ఎత్తుకుంది, తక్కువ మాటల్లో, ఎక్కువ చేతుల్తో. పిల్లలు ముందుకు వంగారు. పిల్లి జరిగినప్పుడు వెనక ఏదో కిర్రుమంది. హెడ్మాస్టరు కుర్చీ ఒక బెంచీ ముందుకు వచ్చింది. కాసేపటికి మరొకటి. బెల్లు కొట్టేసరికి ఆయన మొదటి వరుస పిల్లల మోకాళ్లకు తగులుతూ కూర్చుని ఉన్నాడు.

ఆయన లేచి, ఎక్కడున్నాడో చూసుకుని, కొంచెం సిగ్గుపడ్డాడు.

"వెనక నుంచి వినబడలేదు టీచర్ గారూ, అబద్ధమెందుకు," అన్నాడు. "రేపటినుంచి బెంచీలన్నీ ముందుకు జరిపిద్దాం. తల్లిదండ్రులతో నేను మాట్లాడతాను."

ఆవిడ దండం పెట్టింది, మాట వృథా చెయ్యకుండా. సాయంత్రం బస్సు దిగి దాదాపు పరుగెత్తింది. ఇంట్లో అత్తగారు ఆ మోకాళ్లతోనే ముక్కాలిపీట లాక్కొచ్చి గది మధ్యలో వేసి, ఎదురుగా కూర్చుని ఉంది.