సాకు అన్న మాట

పాప కాలి మీద రెండు చుక్కలు. సూదితో గుచ్చినట్టు.

వాటి మీంచి కెంపమ్మ చూపు కదలదు.

పుంగనూరులో పాముకాటుకు ఇంజెక్షన్ వేసి మదనపల్లె పెద్దాసుపత్రికి పంపించారు. దారి పొడుగునా ఒళ్లో దీపిక... ఆరేళ్ల బరువు. చెల్లెలు పురిట్లోనే పోతే, ఆరు రోజుల గుడ్డును ఈ ఒళ్లోకే తీసుకుంది కెంపమ్మ. దూదితో మేకపాలు పిండి సాకింది.

"పాపకు నువ్వేమవుతావమ్మా?" కాగితం పట్టుకుని అడిగింది నర్సు రేవతి.

"సాకినదాన్ని."

రేవతి తల్లి అని రాసుకుంది.

సాకినదాన్ని. సాకు.

పొద్దున తను అన్నదీ ఆ మాటే.

ఆమె పుట్టిల్లు కుప్పం అవతల. ఇంట్లో కన్నడం. అక్కడ సాకు అంటే పెంచు. సాకు అంటే చాలు అని కూడా. రెండూ ఒక్క మాటెట్లా అయిందని చిన్నప్పుడు అడిగితే, అమ్మ పాపమ్మ నవ్వింది.

"బిడ్డ సాకు అనేదాకా పెట్టేదే సాకేదంటే. ఆడ్నించే వచ్చుంటాది మే."

బిడ్డ అనాలి ఆ మాట.

తను అనింది.

పొద్దున సంగటి ముందు నోరు తెరిచి కూర్చుంది దీపిక. "ఇంగొక ముద్ద నువ్వే పెట్టుమా..."

గొర్రెలు అప్పటికే దొడ్డి దాటుతున్నాయి.

"సాకు! లేసి పో అవతలికి."

పోయింది. అలిగి, మేతకు దాచిన చెనిక్కాయ కట్టె వామి చాటుకు పోయింది.

అక్కడినుంచే అరుపు.

ఆ సాకు పైనున్నవాడికి ఎట్లా వినిపించింది? పెంచింది చాలు, తీసుకుపో అన్నట్టు వినిపించిందా?

రేవతి పెన్నుతో పాప పిక్క మీద అడ్డగీత గీసింది. వాపు అంచు అది. పక్కన టైమ్ రాసింది. వాపు గీత దాటింది. మోకాలి కింద ఇంకో గీత. అదీ దాటింది.

మూడోది తొడ మీద.

"ఇది దాటకుండా సూడాలమ్మా. మందు ఎక్కుతా ఉండాది."

దీపిక కళ్లు సగం తెరిచింది. పెదాలు ఎండిపోయాయి.

"మా... పొమ్మంటివి గదా."

"లేదు నాయనా. అన్లేదు. యాడికీ పోవద్దు... ఈడే ఉండు."

కళ్లు మళ్లీ మూతపడ్డాయి.

నున్నగా, బిగుసుకుని, మెరుస్తోంది చర్మం. వాపుకూ గీతకూ మధ్య వేలెడు చోటు మిగిలింది.

కెంపమ్మ ఆ చోట తన బొటనవేలు ఆనించింది.

అడ్డంగా.