కొయ్యూరులో ఆరు పెట్టెలు

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పన్నెండు మంది వస్తున్నారు. అందుకని శనివారం సాయంత్రమే ఆనందమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టింది. కొత్తగా వచ్చిన పాస్టరుగారినీ సంఘ పెద్దలనూ పిలిచింది ఆమె భర్త తోమా మాస్టారు. "మా ఇంటికి రండి, మా ఆవిడ చేసేత్తాది" అని చర్చి మెట్ల మీద నిలబడి అన్నాడట. ఆ సంగతి ఆమెకు రెండు రోజుల తరవాత, డుంబ్రిగుడ సంతలో అల్లం కొంటుంటే పాస్టరుగారి భార్య చెప్పగా తెలిసింది. మీకు శ్రమ ఇస్తున్నాం అందావిడ. ఆనందమ్మ నవ్వి, ఇంకో పావుకిలో అల్లం తూయించుకుంది.

సగం వెల్లుల్లి అయ్యేసరికి ఫోను మోగింది. సాయిదుర్గ ఏదో ఫోటో పంపింది. సాయిదుర్గ ఇంతకుముందు డుంబ్రిగుడ ఆసుపత్రిలో నర్సు, ఇప్పుడు కొయ్యూరుకు బదిలీ అయింది. ఆనందమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని చూసింది. ఆరు చెక్కపెట్టెలు, వాటి నిండా గ్రామఫోన్ ప్లేట్లు. ఫోటోలో ముందున్న అట్ట మీద వీణ పట్టుకుని కూర్చున్న ఒకావిడ బొమ్మ. కింద సాయిదుర్గ సందేశం: 'మా పక్కింటి ఆంటీ ఇల్లు ఖాళీ చేస్తున్నారు. పాత సామాన్ల వాడు రేపు మధ్యాహ్నం వస్తాడు. నీకేమన్నా పనికొస్తాయా?'

ఆనందమ్మ ఆ బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూసింది. అదే. రెండు ప్లేట్ల జత అది. రెండోది ఆమె దగ్గర పదకొండేళ్లుగా ఉంది. భైరవి రాగం విస్తారంగా వాయించి వాయించి, ఆ తరవాత వచ్చే తానం సగంలో ఉండగా మొదలవుతుంది ఆ రెండో ప్లేటు. ఆ రాగం ఎక్కడ మొదలైందో, మొదటి మీటు ఎలా పడిందో ఆమెకు తెలియదు. ఎవరో గదిలో మంచి మాట చెబుతుంటే చివర్లో లోపలికి అడుగుపెట్టినట్టు ఉంటుంది ప్రతిసారీ.

ఆనందమ్మకు ఈ పిచ్చి పెళ్లయిన కొత్తలో పట్టింది. మిషను బంగళా ఖాళీ చేస్తూ సామాను వేలం వేశారు. ఊరంతా మంచాలకూ ఇత్తడి గంగాళాలకూ ఎగబడితే, మూల బల్ల మీదున్న రికార్డు ప్లేయరును ఎవరూ పట్టించుకోలేదు. పుట్టింటివాళ్లు చీరకని ఇచ్చిన డబ్బు పెట్టి అదే పాడుకుంది. దాంతో వచ్చిన ప్రార్థన గీతాల మధ్య ఎవరో మరిచిపోయిన వయొలిన్ ప్లేటు ఒకటుంది. అది విన్న రోజు ఆమె అన్నం మాడ్చింది. "పళ్లేలు తిరిగితే అన్నం ఉడుకుతాదేటే?" అంది అత్తగారు. ఆ మాట ఇంట్లో స్థిరపడిపోయింది. పండక్కి వచ్చిన ఆడపడుచులూ అనేవారు, తరవాత తరవాత కొడుకు కెవిన్ కూడా నవ్వుతూ అనేవాడు. తోమాది ఇంకో రకం మాట. "సరిగమలు నేర్సుకున్నావా నువ్వు? నీకు తెలిసిందేటి అందులో?" సంఘంలో ఆడవాళ్లు మరీ మెల్లగా, అవి వేరే దేవుళ్ల పాటలు కదమ్మా అనేవారు. ఆనందమ్మకు పాటలో దేవుడి పేరు కన్నా ముందు ఆ పాడే మనిషి ఊపిరి వినబడేది. ఎక్కడ ఎగపీల్చిందో, ఎక్కడ దాచుకుందో, ఎక్కడ ఇక చాలని వదిలేసిందో. ఇది ఎవరికి చెప్పాలో తెలియక చెప్పేది కాదు.

రాగాల పేర్లు తెలియని రోజుల్లో తనే పేర్లు పెట్టుకుంది. మోహన రాగానికి చాలా కాలం ఆమె పెట్టుకున్న పేరు 'అత్త ఊరెళ్లిన రోజు'. అట్టల వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి చదివి అసలు పేర్లు నేర్చుకుంది. ఇప్పుడు మూడో ఊపిరికల్లా ఏ రాగమో చెప్పేస్తుంది. ప్లేయరు మాత్రం వెనక గదిలో, కాఫీ గింజల బస్తాల మధ్య ఉంటుంది. ఒక వైపు పాట అయ్యేసరికి తోమావి మూడు చొక్కాలు ఇస్త్రీ అవుతాయి. విడిగా కూర్చుని విన్నది తక్కువ.

ఇక ప్లేట్లు కొనడంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. మండలాఫీసులో ఆమె సీనియర్ అసిస్టెంటు. ఎవరు బదిలీ అయినా వీడ్కోలు సభలో ప్రసంగం రాసిచ్చేది ఆమె, ప్రసంగం చదివేది ఇంకొకరు, బిస్కెట్ల పళ్లెం తిప్పేది మళ్లీ ఆమె. ఆ ఆనందమ్మే విశాఖపట్నంలో పాత సామాన్ల దుకాణం ముందు నిలబడితే మరో మనిషి. ప్లేట్ల వంక చూడదు. ముందు కుక్కరు మూత అడుగుతుంది, తరవాత గొడుగు. వెళ్లిపోతూ, ఇవేమిటి ఇంత దుమ్ముగా ఉన్నాయి అంటుంది. ప్లేటును వెలుగులో ఏటవాలుగా పట్టుకుని గీత ఎక్కడుందో ఒక్క చూపులో పట్టేస్తుంది. దుకాణదారుడు ధర చెప్పాక ఆమె ఏమీ అనదు. ఆ మౌనానికే సగం తగ్గుతుంది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఆఫీసులోనూ నవ్వొచ్చేది.

శనివారం సాయంత్రం ఆ ఫోటో చూశాక ఆమె వెల్లుల్లి గిన్నె పక్కన పెట్టి ముందు గదిలోకి వెళ్లింది. తోమా మర్నాడు చర్చిలో చెప్పాల్సిన వాక్యం రాసుకుంటున్నాడు.

"రేపు నేను కొయ్యూరు వెళ్తున్నాను" అంది.

"రేపా? అయ్యగారొత్తన్నారు కదా."

"మీరే పిలిచారు కదా."

తోమా కళ్లజోడు తీశాడు. "మరి వంట?"

"వెల్లుల్లి సగం ఒలిచాను."

అతను అది నవ్వులాట అనుకున్నాడు. ఎందుకెళ్తున్నావని అడిగాడు. ప్లేట్ల కోసం అంది. ఎవరికన్నా బాగోలేదేమో, ఆఫీసు పనేమో అని ఎదురుచూస్తున్న అతని ముఖం, ఆ మాటకు ఏం చేయాలో తెలియక అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఆనందమ్మ ప్లేట్లు కొన్నదంతా వేరే పనికి తోకలా తగిలించుకునే. కెవిన్‌ను కాలేజీలో చేర్చడానికి వెళ్లినప్పుడు రెండు, అత్తగారి కంటి ఆపరేషనప్పుడు నాలుగు. తన తల్లి చావుబతుకుల్లో ఉందని కబురొచ్చిన రోజు కూడా రెండు కూరలు వండి మూతపెట్టి మరీ బయలుదేరింది. ఈసారి బియ్యం కూడా కడగలేదు. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరింది. పాడేరులో బస్సు మారి, చింతపల్లిలో ఇడ్లీ తిని, అక్కడి నుంచి జీపు ఎక్కింది. ఘాటు రోడ్డు పక్కన కాఫీ పళ్లు ఎర్రబడి ఉన్నాయి, దూరంగా వలిసె చేలు పసుపుగా మెరుస్తున్నాయి. తప్పుచేసినట్టు అనిపిస్తుందేమోనని దారంతా తనను తాను కనిపెట్టి చూసుకుంది. అలాంటిదేమీ అనిపించలేదు. ఆకలి మాత్రం మళ్లీ వేసింది.

సాయిదుర్గ ఆమెను పక్కింటికి తీసుకెళ్లి పరిచయం చేసి డ్యూటీకి పరిగెత్తింది. ఆ ఇంటావిడ పేరు గాయత్రమ్మ. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. భర్త రామారావు అటవీశాఖలో పనిచేసి రిటైరై, కిందటేడాది పోయారు. అద్దె ఇల్లు వదిలేసి ఆవిడ బొబ్బిలిలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. ముందు గదిలో ఆరు పెట్టెలూ, ప్లేయరూ, ఒక పడక్కుర్చీ ఉన్నాయి. పాత సామాన్ల వరహాలరావు అప్పటికే వచ్చి, వాకిట్లో ఆటో పెట్టుకుని, చేతిలో తూనిక కొక్కెంతో నిలబడి ఉన్నాడు.

"బేగి తేల్చండమ్మా, నాను మళ్లీ నర్సీపట్నం పోవాల. పిలాస్టిక్కు సామాను, దీనికేటి వత్తాది" అంటున్నాడు.

ఆనందమ్మ పెట్టెల ముందు కూర్చుంది. ముఖం మీద ఏమీ కనబడనివ్వలేదు. నాదస్వరం, గోటు వాద్యం, కచేరీల్లో తీసిన పాత రికార్డింగులు, అన్నీ గీత పడకుండా, కవర్ల మీద కవర్లు వేసి ఉన్నాయి. ఇంత శుభ్రమైన ప్లేట్లు ఆమె ఎక్కడా చూడలేదు. రెండో పెట్టెలో వీణ ప్లేటు దొరికింది.

"మీరైనా పట్టుకుపోండమ్మా. అతనిచ్చేదానికి పదో పరకో కలిపి ఇవ్వండి చాలు" అంది గాయత్రమ్మ. "నలభై ఏళ్లు దుమ్ము దులిపాను వీటికి. గుడ్డ పొడిగా ఉండాలి, వేలు తగలకూడదు, గుండ్రంగానే తుడవాలి. తడి తగిలితే ఆయన రెండు రోజులు మాట్లాడేవారు కాదు."

వీటిలో మీకేది ఇష్టమని ఆనందమ్మ మామూలుగా అడిగింది. బేరానికి ముందు ఇలాంటివి అడగడం ఆమెకు అలవాటే.

"నేను వినేదెక్కడ? ఆయన పెట్టుకున్నప్పుడు ఆ తలుపు మూసేవారు. వంటింట్లో గిన్నెల చప్పుడు అడ్డమొస్తుందని."

ఆనందమ్మ ఏమీ అనలేదు. ఆమె ఊరుకుంటే ధర దిగుతుంది. ఇక్కడ దిగడానికి కూడా ఏమీ లేదు, ఆరు పెట్టెలూ ఒక కుక్కరు ధరకు వచ్చేలా ఉన్నాయి. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే అవన్నీ సాయంత్రానికి ఆమె కాఫీ బస్తాల మధ్య ఉంటాయి. అప్పుడే ఫోను మోగింది. తోమా. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని అడిగాడు, వెనక ఏదో మాడుతూ చిటపటలాడుతోంది. "పొయ్యి పక్కన. పెళ్లయిన దగ్గర్నుంచీ అక్కడే ఉంది" అని చెప్పి పెట్టేసింది. ఫోను పెట్టాక గాయత్రమ్మ వైపు చూస్తే, ఆవిడ గదిలోకి రాకుండా తలుపు దగ్గరే, చెక్కకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ చోట తలుపు మీది రంగు భుజం ఎత్తున అరిగిపోయి ఉంది.

ఆనందమ్మ లేచి ప్లేయరు తీగ బోర్డుకు తగిలించింది. వీణ ప్లేటు పెట్టింది. పడక్కుర్చీ మీది దుప్పటి దులిపి, "ఇటు వచ్చి కూర్చోండి" అంది.

"అది ఆయన కుర్చీ."

"కూర్చోండమ్మా."

ఆవిడ అంచు మీద కూర్చుంది. ముల్లు దిగింది. భైరవి మొదటి మీటు పడింది, చాలా కింద నుంచి, ఇంకా తెల్లవారని చోట ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. పదకొండేళ్లుగా వెతికిన చోటు అదే. ఆనందమ్మ కళ్లు మూసుకుంది. కాసేపటికి పక్కన సన్నగా ఇంకో గొంతు వినబడింది. గాయత్రమ్మ కూనిరాగం తీస్తోంది. వీణ వెనక కాదు, వీణ కన్నా రవ్వంత ముందు.

"ఇప్పుడు పైకెళ్లి కాస్త ఆగుతుంది చూడండి" అంది ఆవిడ. వీణ పైకెళ్లి ఆగింది. "ఇక్కడికి వచ్చేసరికి పులుసులో గరిటె తిప్పుతూ ఉండేదాన్ని. అది ఆగినంతసేపూ నేనూ గరిటె ఆపేదాన్ని. లోపలినుంచి ఆయన, ఈ పూట చప్పుడు లేదే అనేవారు."

ప్లేటు ఒక వైపు అయిపోయేదాకా గాయత్రమ్మ కుర్చీలోంచి లేవలేదు. వరహాలరావు కూడా గుమ్మంలో చతికిలబడ్డాడు.

ఆనందమ్మ ముల్లు ఎత్తింది. ఆమె చేతికి ఇంత పెద్ద బేరం మళ్లీ తగలదు. అది ఆమెకు బాగా తెలుసు. తెలిసే, పెట్టెల ముందు మళ్లీ కూర్చుని ఒక్కొక్క ప్లేటూ తీసి దేని విలువ ఎంతో చెప్పడం మొదలుపెట్టింది. ఇది అయిదొందలు, ఇది వెయ్యికి తక్కువ ఇవ్వకండి, ఈ నాదస్వరం కోసం మద్రాసు నుంచి మనుషులొస్తారు. కిలోల్లెక్కన అమ్మేవి కావు ఇవి. ఇన్నేళ్లూ పొడిగుడ్డతో మీరు తుడవబట్టి ఇలా ఉన్నాయి, ఈ ధరంతా మీ చేతిదే అంది. వరహాలరావు సగం వినేసరికే కొక్కెం భుజాన వేసుకుని లేచాడు. "నా బేరం చెడగొట్టేశారు మేడమ్" అని ఆటో తీశాడు.

గాయత్రమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "ఇవన్నీ నావేనా, అయితే?" అంది. ఎవరినీ అడిగినట్టు లేదు. ఇక వీటిని అమ్మనని చెప్పింది. బొబ్బిలి తీసుకెళ్తుంది. చెల్లెలికి కాస్త చెవుడు, కాబట్టి గట్టిగా పెట్టుకోవచ్చు.

"మంచిది" అంది ఆనందమ్మ. "నాకొక్క వీణ ప్లేటు ఇవ్వండి. దీని రెండోది నా దగ్గరుంది. రెండు వేలు చేస్తుంది. అంతా ఇస్తాను, తగ్గించను."

గాయత్రమ్మ ప్లేటు అందుకుని, కవరు లోపలికి జాగ్రత్తగా జార్చి, ఒళ్లో పెట్టుకుంది. ఇవ్వలేదు.

"మూడు వేలు" అంది.

ఆనందమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది.

"మీరు చెప్పిన ధర" అంది గాయత్రమ్మ, "నేను కూర్చుని వినకముందు ఈ ప్లేటుకు ఉన్నది కదమ్మా."

ఆనందమ్మ పర్సు తెరిచింది.