బోరింగుకి పొలమారింది

వీధి చివరి బోరింగుకి అప్పుడప్పుడు పొలమారుతుంది. నీళ్ళు ధారగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఖళ్ళుఖళ్ళుమని దగ్గుతుంది. బిందె పట్టేవాళ్ళు దాని నెత్తిన రెండు తట్లు తట్టి, "ఎవరో తలుచుకుంటున్నార్లే" అంటారు. అది సర్దుకుంటుంది. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలకు అత్తారింటి నీళ్ళు పడని రోజున మరీ దగ్గుతుంది.

దాని బాగోగులు చూసేది పక్కింటి పానా కోడలు. మెకానిక్కు శిక్షణకు వెళ్ళి, చేతిలో పానాతో తిరిగొచ్చింది కనుక ఆ పేరు. వాషర్లు మార్చేదీ, గట్టు మీద పాచి గీకేదీ ఆమే. కడగని చెయ్యి బిందెలో ముంచినవాడికి ఆమె పెట్టే చీవాట్లు మూడు వీధులకు వినిపిస్తాయి.

అత్తది మాత్రం మాట పైకి రాని స్వభావం. నలభై ఏళ్ళుగా చీకటి పడేదాకా ఆగి, చెంబు పట్టుకుని పొలాల వైపు నడిచిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. పగలు అవసరం పడుతుందేమోనని సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు ముట్టదు. బోరింగు పక్కనే ఉన్నా ఆమె గొంతు ఎండిపోయే ఉంటుంది. పొద్దున కోడలు నింపిపెట్టిన గ్లాసు సాయంత్రం దాకా అలాగే ఉండేది.

ఎట్టకేలకు పెరట్లో మరుగుదొడ్డికి గుంత తవ్వకం మొదలైంది. గుంతకీ బోరింగుకీ నడుమ యాభై అడుగులుండాలని శిక్షణలో చెప్పారు. పెరట్లో అంత చోటు లేదు. కోడలు టేపు జోలికి పోకుండా, మడమకు వేలు ఆనిస్తూ పాదాలతో కొలిచింది. ఆమెవి చిన్న పాదాలు. యాభై వచ్చాయి. 'అడుగంటే అడుగే కదా' అనుకుంది. అత్త మొహం చూశాక అంతకన్నా ఖచ్చితంగా కొలవబుద్ధి కాలేదు.

గునపం దిగీ దిగగానే బోరింగు దగ్గడం మొదలుపెట్టింది. వీధి వీధంతా వంతులేసుకుని తట్టారు. "ఎవరమ్మా ఇంతలా తలుచుకునేది!" అని విసుక్కున్నారు. గుంత తవ్వే ఆయన టీ తాగడానికి ఆగితే అదీ ఆగింది. ఆయన గునపం ఎత్తగానే మళ్ళీ మొదలు.

కోడలు బోరింగుకేసీ, గుంతకేసీ చూసింది. పోయిన వానల్లో నీళ్ళు చెడి సగం వీధి వాంతులు, విరేచనాలతో మంచాన పడింది. వెనకింటి దర్జీ కూతురు చావు అంచుదాకా వెళ్ళొచ్చింది.

"ఆపు బాబాయ్. పూడ్చెయ్."

"ఏమైందమ్మా? కొలిచావుగా?"

"కొలిచాను. దొంగ కొలత."

అత్త గుమ్మంలోంచి అంతా విన్నది. "పోనీలేవే, నలభై ఏళ్ళు ఆగినదాన్ని, ఇంకొన్నాళ్ళు ఆగలేనా" అంది. తిట్టినా బాగుండేదనిపించింది కోడలికి.

"మీరు ఇంక ఆగక్కర్లేదత్తయ్యా" అని గునపం అందుకుంది. ఒక్కో చోటే పొడిచి చూస్తూ వెనక్కి నడిచింది. పొడిచిన చోటల్లా బోరింగు దగ్గింది. పెరడు అయిపోయి గోడ వచ్చింది. జానెడు గోడ తగాదాతో అవతలి దర్జీ ఇంటికీ ఈ ఇంటికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. కోడలు కొంగు బిగించి గోడ దూకింది. గుడ్డపీలికల కుప్ప దాటాక పొడిచింది. బోరింగు కిక్కురుమనలేదు.

దర్జీ మెడలో టేపుతో బయటికొచ్చాడు. "నా దొడ్లో నీ గునపమేంటి?"

కోడలు దొంగ కొలతతో సహా ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన బోరింగు వైపు చూశాడు. అక్కడ ఆయన కూతురు నీళ్ళు పట్టుకుంటోంది. మెడలోని టేపు తీసి కోడలి చేతిలో పెట్టాడు.

"ఈసారి దీంతో కొలువు. గదులు మాత్రం రెండు కట్టాలి. మోకాళ్ళు మీ అత్తకే కాదు, మా ఆవిడకీ ఉన్నాయి."

టేపుతో యాభై రెండు అడుగులు వచ్చాయి.

గదులు లేచాయి, గోడకు తలుపు పడింది. ఆ రోజు అత్త పట్టపగలు రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగింది. కాసేపటికి చెంబు పట్టుకుని, తీరిగ్గా నడుచుకుంటూ ఆ తలుపు దాటింది. గడియ పడిన చప్పుడైంది.

అంతలో బోరింగు ఖళ్ళున దగ్గింది. వీధిలో అందరూ బిగుసుకుపోయారు. కోడలు పానా పట్టుకుని దొడ్లోకి పరిగెత్తింది.

"కంగారుపడకే!" లోపలి నుంచి నవ్వుతూ అరిచింది అత్త. "దాన్ని తలుచుకున్నది నేనే."